ఖంగుమంటే పోనియ్యి

రేణిగుంట జంక్షన్లో నా పని,
బండి ఆగంగానే సుత్తి తీసుకొని
ఒక్కొక్క చక్రాన్నీ పలకరించి రావడం.
"ఖంగుమంటే పోనియ్యి, బొద్దుమంటే ఆపెయ్యి."
పని నేర్పిన మస్తానయ్య చెప్పింది ఇంతే.
మిగిలిందంతా చెవి.

ఎనభై నాలుగో, ఎనభై ఐదో.
తిరుపతి బస్టాండు వెనక సందులో
చెంగల్రాయులుది క్యాసెట్లు ఎక్కించే అంగడి.
లాడ్జీ బాడుగ కట్టలేక ఎవరో జర్మనీ ఆయన
వదిలేసి పోయిన సంచి వాడి చేతికొచ్చింది.
పదకొండు టేపులు.
చెరిపేసి భక్తి పాటలు ఎక్కిస్తే మంచి లాభం.
చెరిపే ముందర ఒకటి వేసి చూసినాడంట.
రాత్రి డ్యూటీ దిగి వస్తావుంటే పట్టుకున్నాడు నన్ను:
"రేయ్, ఇది టేపు జబ్బా, మిషను జబ్బా?
చక్రాల డాక్టరువి గదా, నువ్వు చెప్పు."

విన్నాను.
పాట లేదు. తాళం లేదు.
రేకు మీద ఎవరో గొలుసు ఈడుస్తా ఉండారు.
నూనె లేని బేరింగు మూలుగుతా ఉంది,
ఆ మూలుగు నాకు తెలుసు.
ఒక మనిషి గొంతు, పాడడం లేదు,
ఆసుపత్రి చీటీ చదివినట్టు అంకెలు చదువుతున్నాడు.
పద్నాలుగో నిమిషంలో
బొద్దు.
నా చెయ్యి దానంతటది లేచింది, ఎర్రజెండా కోసం.
"పగులుండాదిరా" అన్నాను.
మళ్ళీ అదే చోట బొద్దు. మళ్ళీ.
అప్పుడు తెలిసింది,
వాళ్లకూ తెలుసునని.
పగుల్ని దాచిపెట్టకుండా వాయిస్తా ఉండారని.

అట్ట మీద మాకు అర్థమైన మాట ఒకటే: ఇండస్ట్రియల్.
ఆ మాట గాజులమండ్యం ఎస్టేటు బోర్డు మీద చూసినాము,
నా ఐటీఐ సర్టిఫికెట్టు మీద చూసినాము.
సంగీతానికి ముందర పెట్టొచ్చునని ఎవరికి తెలుసు?

ఆ ఎండాకాలం మేమూ చేసినాము.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సొట్టపోయిన డబ్బాలు,
షెడ్డు వెనక పారేసిన రేకు ముక్కలు,
ఇంకా సుగుణమ్మ.
డబ్బాలకు మూతలు బిగించే మిషను కాడ
పదేండ్లు నిలబడిన మనిషి,
ఆ చప్పుడంతా నోటితోనే చేసేది, ఊపిరి ఆపకుండా.
"నాకొచ్చిన పాట ఇదే" అనింది.
నవ్వుతా అనలేదు.

యూనియన్ ఆఫీసులో వినిపిస్తే ఏడుమంది వచ్చినారు.
కార్యదర్శి అడిగినాడు, నినాదం ఏదని.
హార్మోనియం గజేంద్రాచారి, శ్రుతి ఏదని.
"ఎనిమిది గంటలు దీంట్లోనే ఉండి వచ్చినాము,
ఈడ కూడా ఇదేనా?" అని ఒకాయన లేచిపోయినాడు.
ఆయనకు చెప్పే జవాబు
నా దగ్గర ఇప్పటికీ లేదు.

చెంగల్రాయులు పది టేపులు చెరిపి అమ్మేసినాడు.
పాటకూ పాటకూ నడుమ ఏదో మూలుగుతోందని
కొన్నోళ్లు తిరిగి తెచ్చిచ్చేవాళ్లు.
పదకొండోది నా ట్రంకు పెట్టెలో ఉంది. వాడు లేడు.

మొన్న ఎయిర్ బైపాస్ రోడ్డులో కొత్త కాఫీ అంగడి.
గోడలకు పూత లేదు, ఇటుకలు బయటికి.
నెత్తిన నల్లగొట్టాలు, గోడకు పళ్లచక్రాలు.
"ఇండస్ట్రియల్ లుక్ సార్," అన్నాడు కాఫీ ఇచ్చే పిల్లోడు.
"పాట కూడా అదే."
దిమ్ దిమ్ దిమ్ దిమ్. సుత్తి దెబ్బే,
కానీ ప్రతి దెబ్బా ఖంగు, వెతికినా పగులు లేదు.
కాళ్లు కదులుతాయి.
నావి కూడా కదిలినాయి, అబద్ధమెందుకు.

టేపు సంగతి చెప్తే ఫోన్లో ఏదో చూసి
"అది ఇండస్ట్రియల్ కాదు సార్, నాయిస్ అంటారు"
అన్నాడు, మర్యాదగానే.
కావచ్చు.
బండి పేరు మారుస్తారు, నంబరు మారుస్తారు,
చక్రాలైనా అవే అనుకుంటాము.
చక్రాలు కూడా మారుస్తారు. మార్పించిన వాణ్ణి నేనే.

లేచేటప్పుడు,
గోడెమ్మట కిందికి దిగిన గొట్టాన్ని
చెంచాతో ఒకసారి తట్టినాను.
ప్లాస్టిక్కు.
ఖంగూ కాదు, బొద్దూ కాదు,
మస్తానయ్య చెప్పని మూడో శబ్దం.
చెవి ఆనించి
ఇంకోసారి తట్టినాను.